ఊరేగే సరుకు

కిందటి వారం మీరు నన్ను గోడౌను గేటు దగ్గర, ఒక లారీ వెనక తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేయించి వెళ్ళిపోయారు. నాకు అరవై రెండేళ్ళు. వారం రోజులు కదలకుండా నిలబడ్డం నా మోకాళ్ళ వల్ల అయ్యే పని కాదు. కాబట్టి సంగతి గబగబా గుర్తు చేసి తలుపు తీసేస్తాను.

మాది చవక దుకాణాల కంపెనీ. తొంభై తొమ్మిది దుకాణాలు, వాటన్నిటికీ సరుకు పంపే గోడౌను ఒక్కటి. దుకాణాలన్నీ మా తమ్ముడివి. అతణ్ణి ఇప్పుడు అందరూ చైర్మన్‌గారంటారు. గోడౌనును ఇరవై రెండేళ్ళుగా నేను చూస్తున్నాను, నన్ను అక్కగారంటారు. రెండేళ్ళ కిందట తమ్ముడి అల్లుడు కంపెనీలోకి వచ్చాడు. మేం ఇరవై ఏళ్ళు కిందా మీదా పడి అరవై దుకాణాలు తెరిస్తే, అతను రెండేళ్ళలో ముప్ఫై తొమ్మిది తెరిచాడు. నూరోది మర్నాడు పొద్దున. అదే రోజు సాయంత్రంతో నలభై ఒకటో నంబరు దుకాణం మూసేస్తున్నామని, అమ్మకాలు పడిపోయాయని, దాని మేనేజరు చేతికి ఒక కాగితం వచ్చింది. ఆవిడ ఆ కాగితం పట్టుకుని నా గోడౌను మెట్ల మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే, ఖాళీగా తిరిగి రావలసిన లారీ ఒకటి టైర్లు అణిగిపోయి, మూలుగుతూ గేటు ముందు ఆగింది.

తలుపు తీశాను. లోపల నేల నుంచి కప్పు దాకా సరుకు.

సబ్బుల పెట్టెలు, బట్టలుతికే పొడి, ప్లాస్టిక్ బకెట్లు, బిస్కెట్లు, నూనె డబ్బాలు. ఎలా పడితే అలా కుక్కారు. బరువైనవి పైన, బిస్కెట్లు కింద. నా మనుషులెవరైనా ఇలా లోడు ఎక్కిస్తే ఆ పూటే ఇంటికి పంపేదాన్ని.

డ్రైవరు దిగి తల గోక్కుంటూ నిలబడ్డాడు. అతని పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ నిదానం అంటారు. ఎంత ఖాళీ రోడ్డయినా నలభై దాటడు.

"ఏంటిది నిదానం?"

"సరుకండీ."

"కళ్ళు నాకూ ఉన్నాయి. ఎక్కడిది, ఎక్కడికి?"

"నలభై ఒకటి నుంచి ఎత్తించారండీ. రేపటి నూరో షాపులో దింపమన్నారు. అల్లుడుగారి మనుషులు దగ్గరుండి ఎక్కించారు. గోడౌను మీద నుంచి మాత్రం వెళ్ళొద్దన్నారు. కానీ డీజిలు అయిపోయిందండీ."

నా ముందు అబద్ధమాడ్డం కూడా అతనికి నిదానంగానే వస్తుంది, అందుకని నిజం చెప్పేశాడు.

మా వ్యాపారంలో సరుకుకు ఒకటే దారి. గోడౌను నుంచి దుకాణానికి, దుకాణం నుంచి కొన్నవాళ్ళ సంచీలోకి. వెనక్కి వచ్చేవి ఖాళీ క్రేట్లు మాత్రమే. ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దుకాణాల్లో వెనకాల స్టోరు గది ఉండదు. పెట్టె లారీ దిగుతుంది, ముందు వైపు అట్ట చించుతాం, పెట్టెను పెట్టెలాగే అరలో పెడతాం. సర్దే మనుషులకీ గది అద్దెకీ అయ్యే ఖర్చు మిగులుతుంది, అందుకే మా సబ్బు పక్కవీధి సబ్బు కంటే చవక. ఈ పద్ధతిలో ఒక దుకాణం నుంచి ఒక లారీ సరుకు ఎత్తేస్తే అక్కడ మిగిలేవి అరలూ, ట్యూబులైట్లూ.

మెట్ల మీద కూర్చున్న నలభై ఒకటి మేనేజరమ్మ లేచి వచ్చి లారీలోకి తొంగి చూసింది. ఆవిడకు నలభై నాలుగేళ్ళు. పధ్నాలుగేళ్ళ కిందట మా మొదటి దుకాణంలో బిల్లులు కొట్టడానికి చేరింది, పెట్టె ఎలా చించాలో నేనే నేర్పాను. మొగుడు లేడు, అత్తగారు మంచం మీద ఉంది, కూతురు చదువుకుంటోంది. ఆ దుకాణం మూస్తే ఈ వయసులో ఆవిడకు ఇంకోచోట కొత్తగా గల్లాపెట్టె ముందు కూర్చోవడం తప్ప గతి లేదు.

"ఇది మొదటిసారి కాదండీ అక్కగారూ," అంది. "ఇది నాలుగోసారి."

"నాలుగుసార్లు నీ దుకాణం ఊడ్చుకుపోతే నాకు చెప్పొద్దా అమ్మాయ్?"

"కొత్త షాపుకి రెండు రోజులు అప్పుగా తీసుకెళ్తున్నాం, మళ్ళీ పంపిస్తాం అన్నారు. సగం పంపేవారు, సగం పంపేవారు కాదు. అడిగితే అదంతా కంప్యూటర్లో సర్దుబాటు అయిపోయింది, గోడౌనువాళ్ళని విసిగించొద్దన్నారు. పదకొండుసార్లు ఫోను చేశాను. పన్నెండోసారి ఎత్తలేదు. ఆ తర్వాత ఈ కాగితం వచ్చింది."

నాకు ముందు ఆవిడ మీద కోపం వచ్చింది. తర్వాత నా మీద వచ్చింది, అది ఇంకా తగ్గలేదు. లారీ తలుపుకు నంబరున్న సీలు వేసి పంపడం, దుకాణంవాళ్ళు దాన్ని తెంపి తిరిగి పంపడం నేను పెట్టిన పద్ధతే. తెగిన సీలు వెనక్కి వస్తే సరుకు చేరినట్టే. రెండేళ్ళుగా తెగిన సీళ్ళు డబ్బాల్లో పోసుకుని, నా గోడౌనంత గోడౌను లేదని మురిసిపోతూ కూర్చున్నాను. చేరిన సరుకు అక్కడే ఉందా అని ఒక్కసారి కూడా పోయి చూడలేదు. అరవై దాటాక గర్వం కూడా మోకాళ్ళ నొప్పి లాంటిదే, లేవనివ్వదు.

లారీని ఆపలేదు. గొళ్ళెం వేసి, డీజిలు పోయించి, "పద," అన్నాను. నిదానం నా మొహం చూసి మొదటిసారి కాస్త వేగంగా వెళ్ళాడు. దింపేసి రాత్రికి తిరిగి రమ్మన్నాను.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా నేనూ మేనేజరమ్మా అదే లారీలో నిదానం పక్కన కూర్చుని నూరో దుకాణం ముందు దిగాం.

దుకాణం చూడాలి మీరు! అద్దాల తలుపు, ముందు ఎర్ర తివాచీ, తివాచీ మీద ఎవరూ నడవకుండా నైలాను తాడు. పైన లారీ అంత బ్యానరు, దాని మీద మనిషెత్తు అంకెల్లో నూరు. వంద మంది కొనేవాళ్ళు వస్తే నిలబడ్డానికి చోటు లేదు కానీ ఫొటోలు తీసేవాళ్ళకు మాత్రం ఎత్తుగా బల్ల వేశారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె.

లోపల అరలన్నీ నిండుగా ఉన్నాయి. అంటే ముందు వరస నిండుగా ఉంది. ఒక బకెట్టు తీసి వెనక చెయ్యి పెట్టి చూశాను, మోచెయ్యి దాకా గాలి. పైన పటారం, లోన లొటారం. మా దుకాణాల్లో పెట్టెలు అర వెనక గోడ దాకా ఉండాలి, లేకపోతే మధ్యాహ్నానికే ఖాళీ. పది గంటలకు తెరిచే దుకాణం ఒంటిగంట దాకా నిలబడితే చాలని వీళ్ళ లెక్క.

అల్లుడుగారు నడవలో నిలబడి ఇద్దరు కుర్రాళ్ళ చేత టూత్‌పేస్టు పెట్టెలు అర అంచుకు లాగిస్తున్నాడు. లేత నీలం సూటు, మెడలో కంపెనీ కార్డు, చెవిలో ఏదో దూర్చుకున్న వైరు. లోడింగు తలుపు దగ్గర ఒక్క రోజు నిలబడిన మనిషి కాదు. దేన్నయినా తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపిస్తాడు. గోడౌనులో వాళ్ళు అతనికి బొమ్మలబాబు అని పేరు పెట్టారు. నేను వాళ్ళను కసిరాను, కానీ పేరు మార్చమనలేదు.

నన్ను చూడగానే చెవిలో వైరు తీసేశాడు.

"అత్తయ్యగారూ! మీరెందుకండీ ఇంత దూరం? ఫోను చేస్తే కారు పంపేవాణ్ణి కదా. అయినా గోడౌనులో మీకు బోలెడు పనులుంటాయి."

"ఏం పనులు నాయనా? సరుకంతా దాని కాళ్ళతో అదే తిరిగేస్తోందిగా. నేను ఖాళీ."

అతనికి అర్థం కాలేదు. నా వెనక ఉన్న మేనేజరమ్మను చూశాక అర్థమైంది. మొహంలో నవ్వు అలాగే ఉంది కానీ కళ్ళు పక్కకు పోయాయి.

"మేడమ్, మీరు ఇవాళ మీ షాపులో ఉండాలి కదా. ఆఖరి రోజు."

"ఉండి ఏం చెయ్యమంటారండీ?" అంది ఆవిడ. "నిన్న మధ్యాహ్నం నుంచి అమ్మడానికి చీపురు కట్ట కూడా లేదు. తాళం వేసి వచ్చాను."

అప్పుడే మా తమ్ముడు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, తెల్ల చెప్పులు. చిన్నప్పుడు బురదలో పడి వీపు మీద నా చేత దెబ్బలు తిన్నవాడు. మొదటి దుకాణం తెరిచినప్పుడు ఒక షట్టరు గదిలో నొక్కుపడ్డ డబ్బాలు, చిరిగిన పెట్టెల సబ్బులు చవకగా తెచ్చి, తనే మోసి, తనే అమ్మేవాడు. అప్పుడు వాడి చొక్కా ఏ రంగులో ఉండేదో ఎవరికీ తెలిసేది కాదు.

ప్రతి ప్రారంభానికీ వాడికొక అలవాటు ఉంది. తలుపు తీసే ముందు ఒక్కడే నడవలన్నీ తిరుగుతాడు. ఏదో ఒక అర నడుమ నుంచి ఒక వస్తువు తీసి, చేత్తో తూచి, మళ్ళీ అక్కడే పెడతాడు. వస్తువు తీసిన చోట కంత కనిపించకపోతే దుకాణం నిండినట్టు లెక్క. అల్లుడుగారికి ఆ అలవాటు తెలుసు, అందుకే నడుమ అరలు మాత్రం లోపలి దాకా నింపిస్తాడని ఆ పొద్దున నాకు తెలిసింది.

"అక్కా! వచ్చావా!" అన్నాడు చేతులు చాచి. "చూశావా ఎలా నింపాడో! ఒక్క లారీ ఆలస్యం లేదు, ఒక్క అర ఖాళీ లేదు. నూరంటే మాటలా? మొన్నమొన్నటి దాకా పదకొండోది తెరవడానికి పదకొండు నెలలు ఆలోచించాం మనం."

"అవునురా తమ్ముడూ," అన్నాను. "ఆ ఆలోచించడమే మనకి తెలిసిన పని. కూర్చో, నీకొకటి చూపిస్తాను."

కూర్చోవడానికి అక్కడేమీ లేదు, మా దుకాణాల్లో కుర్చీలుండవు. నేను మాత్రం అడుగు అర దగ్గర నేల మీద చతికిలబడ్డాను. మోకాలు కలుక్కుమంది. ఉతికే పొడి పెట్టె ఒకటి ముందుకు లాగాను.

ప్రతి దుకాణానికీ చేరిన పెట్టె మీద ఆ దుకాణం నంబరు చీటీ అంటిస్తారు. పెట్టె పక్కన నూరు అని కొత్త చీటీ మెరుస్తోంది. గోటితో ఒక మూల లేపి లాగాను. దాని కింద తొంభై ఏడు.

తమ్ముడు నవ్వు ఆపలేదు. "ఏదో పొరపాటున వచ్చి ఉంటుంది అక్కా."

తొంభై ఏడు లాగాను. దాని కింద తొంభై మూడు. అది లాగితే ఎనభై ఎనిమిది. ఉల్లిపాయ పొరల్లా వస్తున్నాయి, జిగురు గోళ్ళలో ఇరుక్కుంటోంది. ఎనభై ఎనిమిది కింద, అట్ట రంగు పోయిన చోట, ఒక పాత చీటీ కనిపించింది. నలభై ఒకటి. నేను దాన్ని లాగలేదు. పెట్టెను తిరగేశాను. అడుగున నీలం సుద్దతో ఒక తేదీ రాసి ఉంది, ఏడు నెలల కిందటిది.

"ఇది నా చేతి రాతండీ," అంది మేనేజరమ్మ. "ముందొచ్చింది ముందు అమ్మాలని ప్రతి పెట్టె అడుగునా తేదీ వేస్తాను. అక్కగారే నేర్పారు."

"ఏడు నెలలుగా ఒక్క ప్యాకెట్టు అమ్ముడుపోని పొడిరా ఇది," అన్నాను. "అమ్ముడుపోక కాదు. అమ్మడానికి ఒక చోట కూర్చోనిస్తే కదా! నీ అల్లుడు నాలుగు దుకాణాలు తెరిచాడనుకుంటున్నావు నువ్వు. నాలుగూ ఒకే సరుకు, ఊరేగింపుగా తిరుగుతోంది. ఇంకా ఏయే దుకాణాలు ఇలా ఊడ్చాడో వెతికితే తెలుస్తుంది. నా దగ్గర పధ్నాలుగు లోడింగు తలుపులు, ముప్ఫై ఎనిమిది లారీలు. అరవై దుకాణాలకి అవి సరిపోయేవి. కొత్త దుకాణం నింపి, మొదటి వారమంతా నిలబెట్టాలంటే మూడు లారీలు కావాలి. ఈ రెండేళ్ళలో నన్ను ఒక్క లారీ అదనంగా అడిగాడా? అడిగితే లేవంటానని తెలుసు. అందుకని ఉన్నవాళ్ళ నోటి దగ్గర కూడు లాగి లేనివాళ్ళకి పెట్టాడు. తర్వాత మళ్ళీ ఆ ఉన్నవాళ్ళనే, ఎందుకు చిక్కిపోయారని ఉద్యోగం పీకుతున్నాడు."

అల్లుడుగారు గొంతు సవరించుకున్నాడు. "అత్తయ్యగారూ, మీరు దీన్ని పాత పద్ధతిలో చూస్తున్నారు. సరుకు ఒకచోట పడి ఉండకూడదండీ. తిరుగుతూ ఉండాలి. దీన్నే..."

"దీన్నే దొంగతనమంటారు బాబూ. పాత పద్ధతిలో."

అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు పెద్దవాళ్ళు. మా ఇంట అది తిరగబడింది. అల్లుడి నోట్లో అన్నీ ఉన్నాయి, అంగట్లో ఏమీ లేదు.

తమ్ముడు ఇప్పుడు నవ్వడం లేదు. కుర్రాళ్ళను బయటికి పొమ్మని చేత్తో సైగ చేశాడు. వాళ్ళు పోయాక ఎర్రగా చూసింది అల్లుణ్ణి కాదు, నన్ను.

"ఇంత పొద్దున్నే, ఇవాళే, ఇక్కడే చెప్పాలా అక్కా?"

"ఎప్పుడు చెప్పమంటావు? ఈవిడ దుకాణం ఈ సాయంత్రం మూస్తున్నారు."

"నాకు తెలుసు."

"మూస్తున్నట్టు తెలుసా?"

"అన్నీ తెలుసు," అన్నాడు నెమ్మదిగా. "చీటీల సంగతి కూడా. ఎనభై ఎనిమిదో దుకాణం నాడే బకెట్ల మీద దుమ్ము చూశాను. కొత్త షాపులో పాత దుమ్ము ఎందుకుంటుంది? నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు, అసహ్యం వేసింది. అల్లుడు మూర్ఖుడు, సరే, మూర్ఖుణ్ణి తిట్టుకోవచ్చు. వీడు మూర్ఖుడు కాదు. దుమ్ము చూసి కూడా బకెట్టు చేత్తో తూచి, భేష్ అని మళ్ళీ అరలో పెట్టినవాడు. నేను అన్నం పెట్టి పెంచిన చేతులు అవి.

"ఎందుకురా?" అన్నాను.

వాడు చెప్పులకేసి చూసుకున్నాడు. అల్లుడుగారే చెప్పాడు. ఏదో శుభవార్త చెబుతున్నట్టు చెప్పాడు.

"కంపెనీ అమ్మేస్తున్నామండీ. పెద్ద సంస్థ కొంటోంది. వాళ్ళు వంద షాపులున్న కంపెనీలు తప్ప కొనరు. తొంభై తొమ్మిదైతే కనీసం మాట్లాడరు కూడా. ఇవాళ నూరోది తెరుస్తాం, రేపు సంతకాలు. అందుకే మావయ్యగారు..."

"అమ్మేస్తున్నావా?" అన్నాను.

"అరవై దగ్గర పడుతున్నాను అక్కా. ఎన్నాళ్ళు మొయ్యను?"

ఇరవై రెండేళ్ళుగా మోస్తున్నవాళ్ళు మూడు వందల మంది నా గోడౌనులో ఉన్నారు. వాళ్ళలో ఒక్కడు కూడా ఆ మాట అనగా నేను వినలేదు. నాకు ఒక్క ముక్క చెప్పకుండా నా ఇల్లు నా కింద నుంచి అమ్ముతున్నాడు మా తమ్ముడు. కానీ దాని సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు పక్కన నిలబడ్డ మనిషి సంగతి తేల్చాలి. ఆవిడ ఆ కాగితాన్ని ఇంకా మడత విప్పకుండా పట్టుకునే ఉంది.

"అల్లుడుగారూ," అన్నాను, "నూరోది ఎన్నింటికి తెరుస్తున్నారు?"

"పదింటికండీ."

"నలభై ఒకటి ఎన్నింటికి మూస్తున్నారు?"

"సాయంత్రం ఆరింటికి. నూరు నిండగానే అట్టడుగున ఉన్నదాన్ని తీసెయ్యాలని మన కొత్త పద్ధతి. కంప్యూటరే తీసేస్తుంది."

"మరి ఆరు గంటల ఒక్క నిమిషానికి మీ దగ్గర ఎన్ని దుకాణాలుంటాయి?"

అల్లుడుగారు ఫోను తీసి బొమ్మలు పైకీ కిందికీ జరిపాడు. వేళ్ళ మీద లెక్కపెట్టే అలవాటున్నవాడైతే ఆ గండం తప్పేది. బొమ్మల మీద లెక్క కట్టేవాడు కాబట్టి తెరిచేవి ఒక బొమ్మలో, మూసేవి ఇంకో బొమ్మలో ఉండిపోయాయి, రెండూ పక్కపక్కన ఎప్పుడూ పెట్టి చూడలేదు. ఇంత చదువు, ఇంత సూటు, ఇంత తివాచీ. నూరులోంచి ఒకటి తీస్తే ఎంతో అరవై రెండేళ్ళ ముసలిది నేల మీద కూర్చుని చెప్పాల్సి వచ్చింది.

తమ్ముడు అల్లుడి వైపు అప్పుడు తిరిగాడు. ఇరవై రెండేళ్ళ కిందట చిరుగు పెట్టెలు అంటగట్టబోయిన సప్లయిదారుల వైపు అలా తిరిగేవాడు.

"ఆ కాగితం చించెయ్," అన్నాడు.

"మావయ్యగారూ, సిస్టంలో..."

"సిస్టంలో కూడా చించెయ్!"

అల్లుడుగారు మేనేజరమ్మ చేతిలోంచి కాగితం తీసుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు.

"మూయరన్నమాట," అంది.

"మూయం మేడమ్. మీ షాపు కంటిన్యూ అవుతుంది. సంతకాలయ్యే దాకా... అంటే, ఆ తర్వాత కూడా."

"నేను బాగా నడిపానని కాదు. లెక్కకి ఒకటి తక్కువైందని."

పధ్నాలుగేళ్ళు ప్రతి పెట్టె అడుగునా తేదీ వేసిన మనిషికి వాళ్ళ దగ్గర ఉన్న విలువ ఒక అంకె. అది కూడా వాళ్ళకు తోచలేదు, నేను తీసి చేతిలో పెట్టాను. గెలిచాననుకోవాలో, ఆవిణ్ణి ఇంకా కిందికి దించాననుకోవాలో నాకు తెలియలేదు. లేవడానికి చెయ్యి అందించింది ఆవిడే.

గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. బయట తాడు అవతల జనం పోగవుతున్నారు. తమ్ముడు చొక్కా సర్దుకుని, మళ్ళీ చైర్మన్‌గారి మొహం తగిలించుకుంటున్నాడు. అప్పుడే అల్లుడుగారి ఫోను మోగింది.

"గుడ్ మార్నింగ్ సార్... అవును సార్, అంతా రెడీ... రావడం లేదా? ఎందుకు సార్?" కాసేపు విన్నాడు. వింటూ వింటూ నడవలోంచి నడిచి గోడకు ఆనుకున్నాడు. "అలాగే సార్... తప్పకుండా సార్... పదకొండింటికా సార్?"

ఫోను పెట్టేశాక అతని పెదవులు, సూటు ఒకే రంగులో ఉన్నాయి.

"కొనేవాళ్ళు," అన్నాడు. "ఇక్కడికి రావడం లేదు మావయ్యగారూ. ప్రారంభం రోజు ఏ షాపయినా నిండుగానే ఉంటుంది, దాన్ని చూసి లాభం లేదంటున్నారు. మన జాబితాలో అన్నిటికన్నా తక్కువ అమ్మిన షాపు ఏదో, అది చూస్తారట. అట్టడుగుది బాగుంటే మిగతావన్నీ బాగున్నట్టేనట."

"ఏ జాబితా?" అన్నాడు తమ్ముడు.

"నేను పంపిందే. బొమ్మల్లో అట్టడుగున..." అని మేనేజరమ్మను చూశాడు. "నలభై ఒకటి. బయల్దేరిపోయారు. పదకొండింటికి అక్కడుంటారు."

ఇక్కడి నుంచి నలభై ఒకటికి లారీలో ముప్పావు గంట. అదీ డ్రైవరు నిదానం కాకపోతే. దాని సరుకంతా ఈ నాలుగు గోడల మధ్య, ఈ ముందు వరసల్లో నిలబడి ఉంది. దీన్ని ఎత్తితే పదింటికి జనం ఖాళీ అరలు చూస్తారు, నూరోది పోతుంది. ఎత్తకపోతే కొనేవాళ్ళు ఖాళీ అరలు చూస్తారు, నూరూ పోతాయి.

చైర్మన్‌గారు పోయి మా తమ్ముడు మిగిలాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కా. లారీ బయటే ఉందిగా. నువ్వు తలుచుకుంటే అరగంటలో ఎక్కించగలవు. నీకు తప్ప ఎవరికీ చేతకాదు. ఒక్క లారీ అక్కా. ఈ ఒక్కసారికి."

ఎక్కించగలను. నలభై నిమిషాల్లో ఎక్కించి, నేనే దారి చెప్పి, పదకొండుకు ముందే దింపించగలను. ఈ దేశంలో అది చెయ్యగలిగినవాళ్ళు ఎవరైనా ఉంటే అది నేనే, ఆ సంగతి వాడికీ తెలుసు నాకూ తెలుసు. పొగడ్తకు లొంగడం ఎంత తేలికో ఆ క్షణాన నాకు బాగా తెలిసింది, చెయ్యి అప్పటికే లారీ తాళాల కోసం పర్సు వైపు పోతోంది.

ఆపుకున్నాను.

"నన్నడిగి లాభం లేదురా," అన్నాను. "ఆ దుకాణం నాది కాదు. ఆవిణ్ణడుగు."

తమ్ముడు మేనేజరమ్మ వైపు తిరిగాడు. పధ్నాలుగేళ్ళలో ఆవిడతో నేరుగా మాట్లాడ్డం వాడికి అదే మొదటిసారి అనుకుంటాను, ఏమని పిలవాలో తెలియక తడబడ్డాడు.

"అమ్మా... నువ్వు... మీరు వెళ్ళి షట్టరు తీసి కాస్త సర్దిపెట్టండమ్మా. సరుకు వెనకే వస్తుంది. మీ ఉద్యోగానికి నాది పూచీ. మీరేం అడిగినా సరే."

ఆవిడ తొందరపడలేదు. సంచీలోంచి నలభై ఒకటి తాళాల గుత్తి తీసి, మూసివేత కాగితాన్ని, తాళాలను రెండు చేతుల్లో పట్టుకుంది.

"షట్టరు తీస్తానండీ చైర్మన్‌గారూ. సరుకు వచ్చినా తీస్తాను, రాకపోయినా తీస్తాను. అది నా ఉద్యోగం," అంది. "కానీ వచ్చినవాళ్ళు నన్ను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ఏమ్మా, అందరిలోకీ నీ షాపే ఎందుకింత తక్కువ అమ్మింది అని. దానికి జవాబు నేను చెప్పాలా, మీరొచ్చి చెబుతారా?"